పొలం తాకట్టుకు ముందు కంటి పరీక్ష

విమానం నడపాలనుకునే వారికి వైద్య నిబంధనలు

రాజమండ్రి: మధురపూడి చుట్టుపక్కల ఊళ్ళ వారికి విమానం కొత్త కాదు. నెత్తిమీద నుంచి ఎంత కిందుగా దిగినా కోరుకొండ రోడ్డున సైకిలు తొక్కేవాడు తల కూడా ఎత్తడు. సముద్రంలో చమురు బావుల దగ్గరకు వెళ్ళే ఓ.ఎన్.జి.సి. హెలికాప్టర్ల చప్పుడూ అలవాటైపోయింది. ఒకప్పుడు పొలంలో కోత కోసే కూలీలు కొడవలి ఆపి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని చూసేవారు. ఆ రోజులు పోయాయి.

ఇప్పుడు డెల్టా పల్లెల్లో వినిపించే మాట వేరు. మా వాడు పదో తరగతి ప్యాసయ్యాడు, ఇంటరులో లెక్కలు తీసుకున్నాడు, విమానం నడపడం నేర్చుకుంటానంటున్నాడు, ఎంతవుతుంది? ఈ ప్రశ్న అడిగే తండ్రులు పెరిగారు. అమ్మాయిల కోసం అడిగేవారూ ఉన్నారు. ఖర్చు లక్షల్లోనే ఉంటుంది. ఉద్యోగానికి పనికి వచ్చే కమర్షియల్ లైసెన్సు చేతికి వచ్చేసరికి అర కోటి దాటిన వారు ఎందరో. కొబ్బరి తోటనో వరి చేనునో బ్యాంకులో పెట్టందే ఆ సొమ్ము పుట్టదు.

అయితే ఫీజు సంగతి అడిగినవారు ఒంటి సంగతి అడగరు. విమాన విద్యలో మొదటి పరీక్ష పుస్తకానిది కాదు, శరీరానిది. అది తప్పితే ఎన్ని లక్షలు కట్టినా లైసెన్సు రాదు. ముందు కళ్ళు, చెవులు, గుండె చూపించుకుని, తర్వాత బ్యాంకు మెట్లు ఎక్కవలసింది పోయి, చాలామంది తలకిందులుగా చేస్తున్నారు.

రెండు రకాల సర్టిఫికెట్లు

మన దేశంలో విమానాలకు, పైలట్లకు సంబంధించిన నిబంధనలు డి.జి.సి.ఎ. అనే పౌర విమానయాన డైరెక్టరేటు చేతిలో ఉన్నాయి. 1934 నాటి విమాన చట్టం, దాని కింద వచ్చిన 1937 నాటి నిబంధనలు తొంభై ఏళ్ళపాటు ఈ వ్యవహారం నడిపాయి. పాత చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది.

సరదాకు, సొంతానికి చిన్న విమానం నడుపుకునే వారికి ఇచ్చేది ప్రైవేటు పైలట్ లైసెన్సు. దీనికి 17 ఏళ్ళు నిండాలి, పదో తరగతి ప్యాసవ్వాలి, కనీసం 40 గంటలు గాలిలో గడపాలి. ఈ లైసెన్సుతో జీతానికి గానీ కిరాయికి గానీ నడపకూడదు. దానికి ముందు నేర్చుకునే దశలో స్టూడెంట్ పైలట్ లైసెన్సు ఉంటుంది, అది 16 ఏళ్ళకే తీసుకోవచ్చు. జీతం తీసుకుని నడపాలంటే కమర్షియల్ లైసెన్సు, 18 ఏళ్ళ వయసు, 200 గంటల అనుభవం కావాలి.

స్టూడెంటుకు, ప్రైవేటు పైలట్‌కు రెండో తరగతి వైద్య సర్టిఫికెట్ చాలు. దీన్నే క్లాస్ 2 మెడికల్ అంటారు. కమర్షియల్ పైలట్‌కు మొదటి తరగతిది, అంటే క్లాస్ 1, ఉండి తీరాలి. మన ఊళ్ళో ఎం.బి.బి.ఎస్. డాక్టరు గారు ఎంత హస్తవాసి ఉన్నవారైనా ఆయన రాసిచ్చిన కాగితం ఇక్కడ చెల్లదు. డి.జి.సి.ఎ. జాబితాలో పేరున్న డాక్టరు దగ్గరకే వెళ్ళాలి. ఆ జాబితా డైరెక్టరేటు వారే అందరికీ తెలిసేలా ఉంచుతారు. మొదటి తరగతి పరీక్ష మొదటిసారి చేయించుకునేవారు చాలాకాలంగా బెంగుళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్, ఢిల్లీ, జోర్హాట్ వంటి వైమానిక దళ కేంద్రాలకు వెళ్తున్నారు.

లారీ నడిపేవారికి ఈ తేడా సులువుగా అర్థమవుతుంది. సొంత మోటారు సైకిలుకు లైసెన్సు తీసుకునే కుర్రవాడు తన ఆరోగ్యం గురించి తానే సంతకం పెట్టి ఇస్తే సరిపోతుంది. లారీకి, బస్సుకు అయితే డాక్టరు రాసిన ఫారం కావాలి. విమానంలో మాత్రం సరదా పైలట్‌కు కూడా డాక్టరు తప్పడు.

"కళ్ళజోడు వచ్చేసిందండి"

కంటి ఆసుపత్రుల్లో తరచు వినిపించే మాట ఒకటుంది. "ఏమండీ డాక్టరు గారూ, మా అబ్బాయికి కళ్ళజోడు వచ్చేసిందండి. ఇంకెక్కడి పైలట్ చదువండి?" అని తండ్రి నిట్టూరుస్తాడు. పక్కనే కుర్రవాడు తల వంచుకుని కూర్చుంటాడు.

ఇది తప్పు అభిప్రాయం. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం రెండో తరగతికి ఒక్కొక్క కంటికి 6/12, రెండు కళ్ళతో కలిపి 6/9 దూరపు చూపు ఉంటే చాలు. అది కళ్ళజోడు పెట్టుకుని వచ్చినా ఫర్వాలేదు. మొదటి తరగతికి ఒక్కొక్క కంటికి 6/9, రెండింటికీ కలిపి 6/6 కావాలి. అదీ కళ్ళజోడుతో సరే. షరతు ఏమిటంటే ఎగిరేటప్పుడు అద్దాలు పెట్టుకోవాలి, మరో జత దగ్గర ఉంచుకోవాలి. మేఘాల్లో ఉండగా ఒక జత జారిపడి పగిలితే వంగి వెతుక్కునే వీలు ఉండదు కదా.

వైమానిక దళంలో చేరడం వేరు, పౌర విమానం నడపడం వేరు. దళం వారి నియమాలు కఠినం. రెంటినీ కలిపి చెప్పుకోవడం వల్లనే కళ్ళజోడు అపోహ ఊరూరా పాకింది.

చూపు అడ్డం వచ్చినా ఆగనివారు మన తెలుగువారిలోనే ఉన్నారు. గుంటూరు జిల్లా మూలాలున్న బండ్ల శిరీష చిన్ననాడే వ్యోమగామి కావాలని కలగన్నారు. కంటి చూపు కారణంగా అమెరికాలో ఆ దారి మూసుకుపోయింది. ఆమె ఇంజనీరయ్యారు. 2021 జులై 11న వర్జిన్ గెలాక్టిక్ వారి నౌకలో అంతరిక్షం అంచుకు వెళ్ళి వచ్చారు. విజయవాడలో పుట్టిన తోటకూర గోపీచంద్ పైలట్ అయి ఉండి కూడా 2024 మే 19న బ్లూ ఆరిజిన్ నౌకలో ప్రయాణికుడుగానే వెళ్ళారు. ఆయనతో పాటు అదే నౌకలో 90 ఏళ్ళ ఎడ్ డ్వైట్ ఉన్నారు. ప్రయాణికుడికి ఒక నియమం, నడిపేవాడికి ఒక నియమం. మన ఆర్.టి.సి. బస్సులోనూ అంతే.

అసలు అడ్డంకి రంగులది

కళ్ళజోడు సరిచేయలేనిది ఒకటుంది. అదే వర్ణాంధత్వం, అంటే రంగులు పోల్చుకోలేకపోవడం. ఇది ఉన్నవారిలో చాలామందికి తమకు ఉన్నట్టే తెలియదు. ఎరుపు, ఆకుపచ్చ వారికి ఒకే తీరుగా మసకగా కనబడతాయి. పుట్టినప్పటి నుంచి అలాగే చూస్తారు గనుక లోకమంతా అలాగే చూస్తుందనుకుంటారు. మిరప తోటలో పండు కాయ ఏదో పచ్చి కాయ ఏదో దూరం నుంచి చెప్పలేక తడబడే కుర్రవాణ్ణి ఇంట్లోవాళ్ళు పరాకు మనిషి అని తిడతారు. తప్పు వాడిది కాదు.

ఇది మగవారిలో ఎక్కువ, ఆడవారిలో అరుదు. తల్లి ద్వారా కొడుకుకు వస్తుంది. తల్లికి మాత్రం రంగులన్నీ బాగానే కనబడవచ్చు. కాబట్టి మేనమామకు గానీ అమ్మమ్మ గారింటి తాతగారికి గానీ రంగుల తడబాటు ఉంటే మేనల్లుడికి, మనవడికి ముందుగానే పరీక్ష చేయించడం మంచిది. మేనరికాలు ఎక్కువగా చేసుకునే ఇళ్ళలో ఆడపిల్లలకూ వచ్చే అవకాశం ఉంది.

గాలిలో రంగు ఎందుకంత ముఖ్యం? విమానం ఎడమ రెక్క చివర ఎర్ర దీపం, కుడి రెక్క చివర ఆకుపచ్చ దీపం, తోకన తెల్ల దీపం ఉంటాయి. చీకట్లో ఎదురుగా ఉన్న విమానం మన వైపు వస్తున్నదా, మనకు దూరంగా పోతున్నదా అన్నది ఆ దీపాలను బట్టే తెలుస్తుంది. రన్‌వే మొదలు ఆకుపచ్చ, చివర ఎరుపు. రన్‌వే పక్కన వరసగా నాలుగు దీపాలు అమర్చుతారు. రెండు తెలుపు, రెండు ఎరుపు కనబడితే సరైన ఎత్తులో దిగుతున్నట్టు. నాలుగూ తెలుపైతే మరీ ఎత్తున ఉన్నట్టు. నాలుగూ ఎరుపైతే ప్రమాదకరంగా కిందికి వచ్చేసినట్టు. రేడియో చెడిపోతే టవరు మీద నుంచి దీపం చూపుతారు. నిలకడగా ఆకుపచ్చ అంటే దిగవచ్చు, ఎరుపు అంటే మరొకరికి దారి ఇచ్చి చుట్టూ తిరుగు అని. ఈ రెంటికీ తేడా తెలియనివాణ్ణి రాత్రిపూట గాలిలోకి పంపడం ఎలా?

ఈ పాఠం లోకం రైళ్ళ దగ్గర నేర్చుకుంది. 1875లో స్వీడన్ దేశంలో లాగర్లుండా వద్ద రెండు రైళ్ళు ఢీకొన్నాయి. హోమ్‌గ్రెన్ అనే వైద్య శాస్త్రవేత్త సిగ్నలు రంగులు పోల్చుకోలేకపోవడమే కారణమై ఉండవచ్చని వాదించాడు. రంగు రంగుల ఉన్ని దారాలు ఇచ్చి జత చేయమనే పరీక్ష పెట్టాడు. ఇప్పుడు వాడేది 1917లో జపాను డాక్టరు ఇషిహారా తెచ్చిన చుక్కల పుస్తకం. రంగు చుక్కల మధ్య అంకె ఒకటి దాగి ఉంటుంది. మామూలు కంటికి అది కనబడుతుంది, వర్ణాంధులకు కనబడదు, లేదా వేరే అంకె కనబడుతుంది.

ఆ అంకెలను బట్టీ పట్టి వెళ్ళే ఘనులు కూడా ఉన్నారని చెప్పుకుంటారు. ప్లేట్లు వరస మార్చి చూపిస్తే బండారం బయటపడుతుంది. బయటపడకపోతే ఇంకా ప్రమాదం. డాక్టరును మోసం చేసినవాడు రన్‌వే దీపాలను మోసం చేయలేడు.

చుక్కల పరీక్ష తప్పినంత మాత్రాన అంతా అయిపోయినట్టు కాదు. దీపాల లాంతరు పరీక్షలో విమాన దీపాల రంగులు సరిగ్గా చెప్పగలిగితే పాసు చేయవచ్చునని అంతర్జాతీయ ప్రమాణం చెబుతున్నది. అదీ కుదరకపోతే మొదటి తరగతి దొరకదు. రెండో తరగతి మాత్రం పగటిపూట మాత్రమే అనే షరతుతో ఇవ్వవచ్చు. అంటే సరదాకు ఎండలో ఎగరవచ్చు గానీ ఉద్యోగం ఆశ వదులుకోవాలి. అర కోటి అప్పు చేసిన ఇంటికి ఈ మాట మూడో ఏట తెలిస్తే ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. చుక్కల పుస్తకం ముందు కూర్చుంటే పట్టే సమయం పది నిమిషాలు. జిల్లాలో ఏ కంటి డాక్టరు దగ్గరైనా ఆ పుస్తకం ఉంటుంది.

చెవులు, గుండె, నెత్తురు

మారేడుమిల్లి ఘాటు రోడ్డు ఎక్కిన ప్రతివారికీ చెవులు దిబ్బడ వేయడం తెలుసు. గుటక వేస్తే టప్పుమని విడుస్తాయి. జలుబు ఉన్నవాడికి విడవవు, నొప్పి పుడుతుంది. ఆ ఘాటు కంటే ఎన్నో రెట్లు ఎత్తుకు, అంతకంటే వేగంగా ఎక్కి దిగేది విమానం. చెవిలో చీము కారేవాడు, కర్ణభేరికి చిల్లి ఉన్నవాడు ముందుగా చెవి డాక్టరుకు చూపించుకుని వైద్యం చేయించుకోవాలి. వినికిడి కూడా పరీక్షిస్తారు. రెండో తరగతిలో ప్రమాణం తేలికే. నిశ్శబ్దంగా ఉన్న గదిలో డాక్టరు రెండు మీటర్ల దూరాన వెనుక నిలబడి మామూలు గొంతుతో మాట్లాడితే వినబడాలి.

పది వేల అడుగుల ఎత్తున గాలి పీడనం నేల మీద ఉన్నదానిలో 70 శాతం మాత్రమే. 18 వేల అడుగుల దగ్గర సగానికి పడిపోతుంది. పెద్ద విమానాల్లో లోపలి గాలిని యంత్రాలతో సరిచేస్తారు. చిన్న విమానంలో ఆ ఏర్పాటు ఉండదు. పలచని గాలిలో గుండె, ఊపిరితిత్తులు ఎక్కువ కష్టపడాలి. నెత్తురు తక్కువగా ఉన్నవారికి ఇంకా కష్టం. అందుకే ఇ.సి.జి., ఛాతీ ఎక్స్‌రే, నెత్తురు, మూత్రం పరీక్షలు, బి.పి. కొలత ఉంటాయి. మూర్ఛ జబ్బు ఉన్నవారికి అనుమతి దొరకదు. చిన్నప్పుడు జ్వరంలో ఒకసారి ఫిట్స్ వచ్చిన సంగతి కూడా దాచకుండా చెప్పాలి. దాని లెక్క ఏమిటో డాక్టరు తేలుస్తారు.

అన్‌ఫిట్ అని రాసినంత మాత్రాన బెంబేలు పడరాదు. అందులో తాత్కాలికం వేరు, శాశ్వతం వేరు. బి.పి. ఎక్కువైందనో, నెత్తురు తగ్గిందనో, బరువు పెరిగిందనో తాత్కాలికంగా నిలిపివేస్తే, సరిచేసుకుని తిరిగి వెళ్ళవచ్చు. తీర్పు నచ్చకపోతే అప్పీలు చేసుకునే దారి కూడా ఉంది.

సర్టిఫికెట్ ఒకసారి తీసుకుంటే జీవితాంతం ఉండేది కాదు. అంతర్జాతీయ ప్రమాణంలో సరదా పైలట్లకు 40 ఏళ్ళ లోపు 60 నెలలు, ఆ తర్వాత 24 నెలలు గరిష్ఠ గడువు. ఒక్కొక్క దేశం దీన్ని కుదించుకోవచ్చు. జీతం మీద ప్రయాణికులను తీసుకువెళ్ళే వారికి ఏడాదికోసారి, 60 దాటితే ఆరు నెలలకోసారి. ఇక కల్లు, సారా, విస్కీ ఏదైనా సరే, ఎగిరే ముందు 12 గంటలు ముట్టరాదన్నది మన నిబంధన.

పై దేశాల్లో సడలింపు

అమెరికాలో 2004 నుంచి తేలికపాటి క్రీడా విమానాలకు విడిగా వైద్య సర్టిఫికెట్ అక్కర్లేదు, మోటారు డ్రైవింగ్ లైసెన్సు ఉంటే చాలు అన్నారు. 2017 మే 1 నుంచి బేసిక్‌మెడ్ అనే మరో పద్ధతి వచ్చింది. నాలుగేళ్ళకోసారి మామూలు డాక్టరు చేత పరీక్ష చేయించుకుని, రెండేళ్ళకోసారి ఆరోగ్య పాఠం ఒకటి పూర్తి చేస్తే సరిపోతుంది. ఆస్ట్రేలియాలో 2024 నుంచి సరదా పైలట్లు తమ ఆరోగ్యం గురించి తామే రాసి ఇచ్చే పద్ధతి మొదలయ్యింది. ఇన్సులిను తీసుకునే చక్కెర రోగులకు కూడా అమెరికాలో 1996 నుంచి ప్రైవేటు పైలట్లుగా, షరతుల మీద, అవకాశం ఇస్తున్నారు.

అమెరికా నియమంలో విచిత్రం ఒకటుంది. వైద్య సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టి కాదనిపించుకున్నవాడు డ్రైవింగ్ లైసెన్సు చూపి క్రీడా విమానం నడపడానికి వీల్లేదు. అసలు దరఖాస్తే పెట్టనివాడు నడపవచ్చు! అడిగి చెడ్డవాడి కంటే అడగనివాడే నయమన్న మాట. ఇలాంటి నియమం మనుషుల చేత నోరు మూయిస్తుంది.

నోరు మూసుకోవడం ఎంత చేటో 2015 మార్చి 24న తెలిసింది. జర్మన్‌వింగ్స్ విమానం ఫ్రాన్సు ఆల్ప్స్ కొండలకు కొట్టుకుని 150 మంది చనిపోయారు. సహ పైలట్ మనసు జబ్బుతో డాక్టర్ల చుట్టూ తిరుగుతూ ఆ సంగతి కంపెనీకి చెప్పలేదు, తానే కావాలని కొండకేసి కొట్టాడు. చెబితే ఉద్యోగం పోతుందన్న భయం దాపరికానికి దారి తీస్తుంది. అలాగని ఎవరికి వారు బాగున్నామని రాసిస్తే చాలునన్నా గుండె గుబులే. ఒంటికన్ను వైలీ పోస్ట్ 1933లో ఒంటరిగా ఎనిమిది రోజుల లోపే భూమి చుట్టి వచ్చాడు. 1926లో చమురు బావి దగ్గర ప్రమాదంలో ఎడమ కన్ను పోయిన మనిషి ఆయన. అందరూ వైలీ పోస్టులు కారు గానీ, ఒక లోపం చూడగానే పెన్నుతో కొట్టేయకుండా, వీడు ఆ లోపంతో ఏం చేయగలడో చూడాలని వైద్యులు క్రమంగా ఒప్పుకుంటున్నారు. మన దేశంలో మాత్రం సరదా పైలట్‌కు డ్రైవింగ్ లైసెన్సుతో పని జరగదు. క్లాస్ 2 ఉండాల్సిందే.

పొలం మీద ఎగిరే పైలట్లు

విమానం దాకా వెళ్ళని వారికి డెల్టా పొలాల్లోనే పైలట్ అనిపించుకునే వీలు వచ్చింది. వరి మీద మందు కొట్టే డ్రోను నడిపేవారికి 2021 డ్రోను నిబంధనల ప్రకారం 18 నుంచి 65 ఏళ్ళ వయసు, పదో తరగతి ప్యాసు, అనుమతి ఉన్న సంస్థలో శిక్షణ కావాలి. క్లాస్ 2 వంటి వైద్య సర్టిఫికెట్ మాట ఆ నిబంధనలో లేదు. డ్రోను కంటికి కనబడుతుండగానే నడపాలి గనుక దూరపు చూపు లేనివాడు కళ్ళజోడు లేకుండా ఈ పనికి దిగరాదు. డ్రోను దీపాల్లోనూ ఎరుపు, ఆకుపచ్చలు ఉంటాయి.

మధురపూడి చుట్టుపక్కల రైతులకు మరొక నియమం వర్తిస్తుంది. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 కిలోమీటర్ల లోపు ముందుగా అనుమతి తీసుకోకుండా డ్రోను ఎగరేయరాదు. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల ఎత్తు దాటరాదు. కోరుకొండ వైపు పొలాలున్న రైతులు మందు డ్రోను పిలిపించే ముందు తమ చేను ఏ గీతలో పడుతుందో చూసుకోవాలి.

ఇక పైలట్ పరీక్షకు వెళ్ళే కుర్రవాళ్ళు పాత ఆసుపత్రి కాగితాలు, వాడుతున్న మందుల చీటీలు, కళ్ళజోడు కొలతల కాగితం వెంట తీసుకువెళ్ళాలి. ముందు రోజు రాత్రి సరిగ్గా నిద్రపోవాలి, లేకుంటే బి.పి. ఎక్కువ చూపవచ్చు. జలుబు చేసి ఉంటే వారం ఆగి వెళ్ళడం నయం. ఉద్యోగం కోసం నేర్చేవారైతే క్లాస్ 2తో ఆగకుండా క్లాస్ 1 కూడా చేయించుకుని, ఆ కాగితం చేతికి వచ్చాకే ఫీజు కట్టాలి.